విశ్వవిద్యాలయం, పిల్లల సంరక్షణ సంస్థ కలిసి పరిశోధన చేయాలంటే: బెంగళూరులో తొలి భేటీ నుంచి నివేదిక తిరిగి ఇచ్చేదాకా

పిల్లల హోమ్‌కి పరిశోధన పేరుతో వెళ్లే అధ్యాపకుల చేతిలో సాధారణంగా ప్రశ్నపత్రం సిద్ధంగా ఉంటుంది. మొదటిసారి అది లేకుండా వెళ్లండి. సంస్థవాళ్లు ఏళ్లుగా తమలో తాము వేసుకుంటూ, జవాబు వెతికే తీరిక లేక వదిలేసిన ప్రశ్న ఒకటి తప్పకుండా ఉంటుంది. భాగస్వామ్యం దానితో మొదలుకావాలి. అధ్యాపకుడి ప్రశ్నతో మొదలైనవాటిలో చాలావరకు థీసిస్‌తో ముగుస్తాయి. పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే బల్ల మీదికి అవి చేరవు.

బెంగళూరులో సోషల్ వర్క్, సైకాలజీ, న్యాయశాస్త్రం చదువుతున్న, చెబుతున్న తెలుగువాళ్ల కోసం, అలాగే ఇక్కడి స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాం. కారణం ఉంది. యశ్వంతపుర, కేఎస్‌ఆర్ స్టేషన్లలో ఒంటరిగా దిగే పిల్లల్లో, అపార్ట్‌మెంట్లు లేచేచోట రేకుల షెడ్లలో పెరిగే పిల్లల్లో అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపువాళ్లు ఉంటారు. వాళ్ల ఫైళ్లు కన్నడంలో ఉంటాయి, వాళ్ల మాట తెలుగులో ఉంటుంది. ఆ రెంటి మధ్య జారిపోయేది పట్టుకోవడానికి తెలుగు తెలిసిన పరిశోధకుడు కావాలి.

ముందు ప్రశ్న ఎవరిదో తేల్చుకోండి

మొదటి రెండు నెలలు వినడానికే కేటాయించండి. సూపరింటెండెంట్, కౌన్సిలర్, హౌస్ మదర్, రాత్రి డ్యూటీ చూసే మనిషి, ఔట్‌రీచ్ వర్కర్, ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. అందరినీ ఒకే ప్రశ్న అడగండి: "ఏ సంగతి తెలిస్తే మీ పని మారుతుంది?" కౌన్సిలర్ "ఇంటికి పంపినవాళ్లలో ఎంతమంది ఏడాదిలోపు మళ్లీ వస్తున్నారో తెలిస్తే బాగుండు" అనవచ్చు. హౌస్ మదర్ "రాత్రి నిద్రపట్టనివాళ్లని ఏం చెయ్యాలి" అనవచ్చు. రెండూ పరిశోధించదగ్గ ప్రశ్నలే. "సంస్థాగత బాల్యంలో స్థితిస్థాపకత" అని మీరు రాసుకెళ్లిన శీర్షిక ఈ రెంటి ముందు తేలిపోతుంది.

ఇలా క్షేత్రంలో చేసే పనిలోంచే పుట్టిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఇవాళ దేశమంతా తెలిసిన పిల్లల సహాయ ఫోన్ నంబర్ 1098, చైల్డ్‌లైన్, 1996లో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ క్షేత్రకార్య ప్రాజెక్టుగా మొదలైంది. అమెరికాలో మిడ్‌వెస్ట్ అధ్యయనం ఇంకో దారి చూపింది. అయోవా, విస్కాన్సిన్, ఇలినాయ్ రాష్ట్రాల్లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న 732 మంది యువతను 17, 18 ఏళ్ల వయసులో పలకరించి, 26 ఏళ్లదాకా వాళ్ల వెంట నడిచింది. అప్పట్లో ఇలినాయ్‌లో 21 ఏళ్లదాకా సంరక్షణలో ఉండే వీలుంది, మిగతా రెండు రాష్ట్రాల్లో 18కే బయటికి పంపేవారు. ఆ తేడాయే పరిశోధనకు పునాది అయింది. ఏ వయసుదాకా ఆసరా ఇవ్వాలన్నది ఆ రాష్ట్రాల శాఖలను నిజంగా వేధిస్తున్న ప్రశ్న. మనకూ అదే ప్రశ్న ఉంది. జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ 18 నిండి హోమ్ వదిలినవాళ్లకు ఆసరా ఇవ్వమంటుంది. వాళ్లు ఆ తర్వాత ఏమయ్యారని అడిగితే, చాలా హోమ్‌ల దగ్గర చివరిసారి పనిచేసిన ఫోన్ నంబర్ తప్ప ఏమీ ఉండదు.

ప్రశ్న కుదిరాక ఒక్క పేజీ రాయండి. ప్రశ్న, ఎవరికి ఉపయోగం, జవాబు వస్తే ఏది మారుతుంది, ఎవరు మారుస్తారు. నాలుగో గడి ఖాళీగా మిగిలితే ఆ ప్రశ్న వదిలేయండి.

ఎవరి దగ్గర ఏం అడగాలి

ఎక్కువమంది ఆరు నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. అనుమతి ఇచ్చే అధికారం లేని మనిషి చుట్టూ తిరుగుతారు.

ప్రభుత్వ బాలమందిరాలు మహిళా శిశు అభివృద్ధి శాఖ కింద నడుస్తాయి. వాటిలో పరిశోధనకు శాఖ రాష్ట్ర కార్యాలయం రాతపూర్వక ఆదేశం కావాలి. జిల్లా పిల్లల రక్షణ అధికారి స్నేహంగా "రండి, చూసుకోండి" అంటే అది మర్యాద మాత్రమే, అనుమతి కాదు. ఆ అధికారి బదిలీ అయితే మాటా ఆయనతోపాటే వెళ్లిపోతుంది. స్వచ్ఛంద సంస్థల హోమ్‌లైతే, అది జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద నమోదైందా, ఆ నమోదు గడువు ఇంకా ఉందా అన్నది ముందు చూడండి. గడువు తీరిన హోమ్‌లో సేకరించిన సమాచారం తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది.

బాలల సంక్షేమ సమితి సంగతి వేరు. రక్షణ అవసరమైన పిల్లల్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది ఇదే. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఈ సమితికి చట్టం మేజిస్ట్రేటు అధికారాలు ఇచ్చింది. కాబట్టి దాన్ని ఒప్పందంలో భాగస్వామిగా చేర్చి సంతకం పెట్టించకండి. రేపు మీ నివేదిక సమితి ఉత్తర్వుల తీరును ప్రశ్నించాల్సి వస్తే, ఆ సంతకం ఇద్దరినీ ఇరుకున పెడుతుంది. సమితిని అనుమతి అడగండి, పురోగతి తెలియజేయండి, అంతవరకే. సభ్యుల పదవీకాలం మూడేళ్లు. మీ పని మధ్యలో సమితి మారవచ్చు, కొత్తది ఏర్పడేదాకా ఆలస్యమూ జరగవచ్చు. అందుకే అర్జీ, జవాబు, ఆదేశం సంఖ్య, తేదీ అన్నీ కాగితం మీద ఉండాలి. కొత్త సభ్యులకు చూపించడానికి ఒక పలుచని ఫైలు విడిగా పెట్టుకోండి.

తెలుగు పిల్లల మీద పని చేసేవాళ్లు మరిచిపోయేది ఇంకొకటి ఉంది. బెంగళూరులో దొరికిన పిల్లవాణ్ని 95వ సెక్షన్ కింద సొంత జిల్లాకు పంపిస్తారు. ఇంటికి చేరాక ఎలా ఉన్నాడో తెలుసుకోవాలంటే ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ శాఖ అనుమతి కూడా కావాలి. కర్ణాటక ఆదేశం హిందూపురంలో పనిచేయదు. రెండు అర్జీలూ ఒకే వారంలో పంపండి. ఒకటి వచ్చాక రెండోది వేద్దామనుకుంటే మీ పరిశోధన కాలమంతా ఎదురుచూపుకే సరిపోతుంది.

అర్జీ కన్నడంలో రాయించండి. మంచి కన్నడంలో ఒకటిన్నర పేజీకి మించకుండా, విషయం మొదటి వాక్యంలోనే చెప్పి, అర్జీలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర పక్కనున్న అంకె పట్టుకునే తర్వాత "కడత ఎక్కడుంది సార్" అని అడగగలుగుతారు. కన్నడంలో కడత అంటే ఫైలు.

ఒప్పందంలో చేదు మాటలు ముందే రాసుకోండి

విశ్వవిద్యాలయం తరఫున రిజిస్ట్రార్ సంతకం చేయాలి, ప్రొఫెసర్ కాదు. ప్రొఫెసర్ వెళ్లిపోయినా ఒప్పందం నిలబడాలి. ఎవరు ఏం చేస్తారు, ఎప్పటిదాకా, ఖర్చు ఎవరిది, ఇవన్నీ ఏ నమూనాలో అయినా దొరుకుతాయి. కూర్చుని కష్టపడాల్సింది ఈ నాలుగు అంశాల మీద.

మొదటిది, ఫలితం చేదుగా వస్తే ఏం చేయాలి. సంస్థకు నివేదిక ముందుగా చూసే హక్కు ఇవ్వండి. చూసి తప్పులు చెప్పడానికి 30 రోజులు చాలు. ఆపే హక్కు మాత్రం ఇవ్వకండి. సంస్థ ఒప్పుకోని అంశముంటే దాని జవాబును నివేదికలోనే అనుబంధంగా అచ్చు వేస్తామని రాయండి. చాలా సంస్థలు దీనికి ఒప్పుకుంటాయి, ఎందుకంటే వాళ్ల భయం విమర్శ మీద కాదు, చెప్పుకునే అవకాశం లేకుండా పోతుందేమో అన్నదాని మీద. ఈ మాట మొదట్లోనే అనుకోకపోతే, ఏడాదిన్నర కష్టం తర్వాత నివేదిక అల్మారాలో పడుంటుంది.

రెండోది, అత్యవసరం. పిల్లలకు ప్రమాదం కనిపిస్తే 30 రోజుల నిబంధన వర్తించదని, అదే రోజు చర్య తీసుకుంటామని స్పష్టంగా ఉండాలి.

మూడోది, సమాచారం ఎవరిది. ఫైళ్లు సంస్థవి. పేర్లు తీసేసిన సమాచారం ఇద్దరిదీ. వేరే పనికి వాడాలంటే మళ్లీ ఇద్దరి సంతకం కావాలి. విద్యార్థులు అదే సమాచారంతో ఇంకో పేపర్ రాసుకోవడం చాలా భాగస్వామ్యాలను చెడగొట్టింది, కాబట్టి ఈ వాక్యం విడిగా పెట్టండి.

నాలుగోది డబ్బు. విదేశీ నిధులు వస్తుంటే జాగ్రత్త. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం అందుకున్న విరాళాన్ని మరో సంస్థకు మళ్లించకూడదు. విశ్వవిద్యాలయం తీసుకుని అందులోంచి హోమ్‌కి వాటా ఇచ్చే పద్ధతి ఇక చెల్లదు. ఏ ఖర్చు ఎవరి ఖాతాలోంచి పోవాలో నిధులు అడిగేముందే ఫైనాన్స్ ఆఫీసర్‌తో తేల్చుకోండి. సంస్థ సిబ్బంది మీ కోసం వెచ్చించే గంటలకు లెక్క కట్టి బడ్జెట్‌లో చూపండి. కౌన్సిలర్ వారంలో నాలుగు గంటలు మీకిస్తే, ఆ నాలుగు గంటలూ పిల్లల దగ్గర్నుంచి తీసుకున్నవే.

ఎథిక్స్ కమిటీ, అంగీకారం

పిల్లలతో, అందులోనూ సంస్థల్లో ఉన్న పిల్లలతో చేసే పనికి, పరిశోధనవల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ పూర్తి సమావేశంలో పరిశీలన జరగాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు, అధ్యక్షులు బయటివారై ఉండాలి, కోరానికి కనీసం ఐదుగురు కావాలి. మీ విశ్వవిద్యాలయ కమిటీలో పిల్లల రక్షణ తెలిసినవారు లేకపోతే ఆహ్వానితుడిగా ఒకరిని పిలవమని మీరే అడగండి. అలా అడిగితే అనుమతి ఆలస్యమవుతుందని భయపడతారు గానీ, తెలియనివారు పంపే ప్రశ్నలకు మూడు విడతలుగా జవాబులు రాయడం కంటే అదే తొందరగా తేలుతుంది.

అంగీకారం ఎవరిస్తారు? హోమ్‌లో ఉన్న పిల్లలందరూ అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో ఉంటారు, ఫోన్‌కి దొరుకుతారు. అందువల్ల వరుస ఇది: సమితి అనుమతి, సంరక్షకుడిగా సూపరింటెండెంట్ సంతకం, అందుబాటులో ఉంటే తల్లిదండ్రుల అంగీకారం, చివరగా, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లల సమ్మతి. 7 నుంచి 12 ఏళ్లవాళ్లు నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్లవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పై మూడూ ఉండి పిల్లవాడు వద్దంటే, వద్దు. 40 మందిని అడిగితే 40 మందీ సరేనన్నారంటే సంతోషపడకండి. హోమ్‌లో పెద్దలు చెప్పినదానికి ఎదురుచెప్పకూడదని పిల్లలు నేర్చుకుని ఉంటారు. సూపరింటెండెంట్ గదిలోంచి పిలిపించిన పిల్లవాడికి "ఇష్టమైతేనే" అన్న మాట వినపడదు. అడిగే పని సిబ్బంది కాకుండా మీ బృందం చేయాలి. ముందు రోజు అడిగి, జవాబు మర్నాడు తీసుకోండి. ఎలా వద్దనాలో అక్కడికక్కడే ఆడించి చూపండి: ఎరుపు కార్డు ఎత్తితే మాట ఆగిపోతుంది, కారణం అడగరు. మొదటి ఐదు నిమిషాల్లో పిల్లవాడు ఆటలాగా ఒకసారి కార్డు ఎత్తి, మీరు నిజంగానే ఆగారని చూడాలి. అప్పుడే ఆ కార్డుకు విలువ.

బహుమతి ఇవ్వాలనుకుంటే పాల్గొన్నవాళ్లకే ఇవ్వకండి. హోమ్‌లో అందరికీ ఒకే రకం ఇవ్వండి, డబ్బు కాకుండా క్యారమ్ బోర్డో, పుస్తకాలో, పండ్లో.

రహస్యం గురించి అబద్ధం చెప్పకండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలలదాకా జైలో, జరిమానానో, రెండూనో. పరిశోధకుడికి మినహాయింపు లేదు. కాబట్టి సమ్మతి మాటల్లో ఇలా ఉండాలి: "నువ్వు చెప్పింది ఎవ్వరికీ చెప్పను. కానీ నిన్నో, ఇంకో పిల్లలనో ఎవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం, మిమ్మల్ని కాపాడేవాళ్లకి చెప్పాల్సిందే. అట్లా చెప్పేముందు నీతో చెప్పే వెళ్తా." దీన్ని చదివి వినిపించాక, "మరి నేను ఎప్పుడు వేరేవాళ్లకి చెప్తాను?" అని పిల్లవాణ్నే అడగండి. తన మాటల్లో చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.

ఫైళ్లు చదవడం

జువెనైల్ జస్టిస్ చట్టం నమూనా నియమాల ప్రకారం పిల్లవాణ్ని సమితి ముందు హాజరుపరిచేటప్పుడు 17వ ఫారం, సామాజిక విచారణ నివేదికకు 22వ ఫారం, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికకు 7వ ఫారం, కేస్ హిస్టరీకి 43వ ఫారం ఉంటాయి. మీకు కావలసింది చాలావరకు ఈ నాలుగింటిలోనే దొరుకుతుంది. చేతిరాత కన్నడ ఫైలు ఒక్కోటి గంట పడుతుంది. ఒక మనిషి రోజుకు ఐదు చూస్తే మంచి వేగమే. 300 ఫైళ్లకు ఇద్దరు కూర్చుంటే ఆరు వారాలు.

ముందు 30 ఫైళ్లతో ప్రయోగం చేయండి. ఒక్కో పదానికి ఎన్ని అర్థాలున్నాయో అప్పుడే తెలుస్తుంది. "ఇంటికి చేర్చారు" అన్న తేదీనే తీసుకోండి. ఒక ఫైల్లో అది సమితి ఉత్తర్వు తేదీ, ఇంకోదాంట్లో ఎస్కార్ట్ పోలీసులు బయలుదేరిన తేదీ, మరోదాంట్లో తల్లి సంతకం చేసిన తేదీ. ఈ మూడింటి మధ్య వారాలు గడిచి ఉండవచ్చు. మీరు ఒకటి నిర్ణయించుకుని, నిర్వచనం రాసి, గోడకు అంటించుకోవాలి. పూర్తి పనిలో పదో వంతు ఫైళ్లు ఇద్దరూ విడివిడిగా చదివి పోల్చుకోండి. కప్పా విలువ, అంటే ఇద్దరి చదువు ఎంత కలిసిందో చెప్పే అంకె, 0.7 కంటే తక్కువ వచ్చిందంటే తప్పు మనిషిది కాదు, నిర్వచనానిది. దాన్ని తిరగరాయండి.

ఇక పేర్లు. ఒకే పిల్లవాడు రెండోసారి వచ్చాడా అన్నది తేల్చడం ఈ నగరంలో పెద్ద తలనొప్పి, తెలుగు పిల్లల విషయంలో మరీను. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, కర్ణాటకలో తండ్రి పేరు పొడి అక్షరమై చివర చేరుతుంది. కర్నూలు హోమ్‌లో "పామిడి నాగరాజు" అని రాసుకున్న పిల్లవాడు, తండ్రి రామాంజనేయులు అయితే, బెంగళూరు రిజిస్టర్‌లో "నాగరాజ ఆర్." అవుతాడు. పోర్టల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోకి ఎక్కేటప్పుడు ఇంకో రూపం. కంప్యూటర్ వీళ్లను ఇద్దరంటుంది, "మళ్లీ వచ్చినవాళ్లు" అన్న మీ అంకె నిజంకంటే తక్కువ వస్తుంది. సొంత పేరు పలికే తీరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం రెండేళ్లు అటూఇటూగా, సొంత మండలం, ఈ నాలుగూ కలిపి చూడండి. మూడు కలిస్తే అనుమానం, నాలుగూ కలిస్తే ఫైలు తీసి కంటితో సరిచూడటం. ఈ పని సంస్థ కంప్యూటర్ మీద, సంస్థ మనిషి పక్కనుండగా జరగాలి. పేర్లు విశ్వవిద్యాలయానికి రాకూడదు. మీరు తీసుకెళ్లాల్సింది పేరుకు బదులు ఇచ్చిన సంకేత సంఖ్య ఒక్కటే.

పిల్లలతో మాట్లాడేటప్పుడు

గది తలుపు తెరిచి ఉండాలి. బయటినుంచి కనపడాలి, వినపడకూడదు. పదేళ్లలోపు వాళ్లతో అరగంట, పెద్దపిల్లలతో ముప్పావుగంట మించకండి. మీ కౌన్సిలర్ ఆ రోజంతా హోమ్ ఆవరణలోనే ఉండాలి. ఫోన్‌లో దొరుకుతారు అంటే చాలదు. మాట్లాడే ప్రతి ఒక్కరికీ పోలీస్ వెరిఫికేషన్ అయి ఉండాలి.

ఇంకో చిక్కు. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం తనిఖీ బృందాలు కనీసం మూడు నెలలకోసారి హోమ్‌లకు వస్తాయి. చేతిలో కాగితాలతో వచ్చే ఎవరినైనా పిల్లలు, సిబ్బంది తనిఖీవాళ్లే అనుకుంటారు. పిల్లలు నేర్పిన జవాబులు చెబుతారు: "అన్నం బాగుంటుంది, అక్కావాళ్లు బాగా చూసుకుంటారు." మొదటి రెండుసార్లు ఏమీ రాసుకోకుండా, ఆడి వెళ్లిపోండి.

భాష దగ్గర ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. తెలుగు వస్తే చాలు అనుకోకండి. కోస్తాలో చదువుకున్న పరిశోధకురాలు "నిన్ను ఇక్కడ ఎవరైనా మందలించారా?" అని అడుగుతుంది, ఆమె ఉద్దేశం తిట్టారా అని. పాలమూరు పిల్లవాడికి, నెల్లూరు పిల్లవాడికి మందలించడమంటే పలకరించడం. "ఆ, అందరూ మందలించినారు" అని నవ్వుతూ చెబుతాడు. ప్రశ్నపత్రంలో అది వేధింపుగా పడుతుంది. పట్టికలోకి వెళ్లాక ఆ తప్పు ఇక ఎవరికీ కనపడదు, కానీ ఒక హౌస్ మదర్ ఉద్యోగం దాని మీద ఆధారపడవచ్చు.

అందుకే ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి తెచ్చి, మళ్లీ వెనక్కి అనువదించి సరిచూడటంతో ఆగకండి. ఒక్కో ప్రాంతం పిల్లల్లో ఐదారుగురికి ప్రశ్న చదివి, "నేనేం అడిగాను?" అని అడగండి. ఆందోళన అన్న పదం పదేళ్లవాడికి అర్థంకాదు. దిగులు, గుబులు, బుగులు, కడుపులో తిప్పినట్టు ఉండటం, వాళ్ల మాట ఏదో కనుక్కుని అదే వాడండి. మడకశిర, పావగడ వైపు పిల్లలు ఒకే వాక్యంలో తెలుగు, కన్నడం కలిపి మాట్లాడతారు. వాళ్లను ఒక భాషకు కట్టేయకండి. అన్నా, అక్కా అని పిలవనివ్వండి, అమ్మా అని పిలిచే దగ్గరితనం మాత్రం పెంచుకోకండి, ఎందుకంటే నాలుగు నెలల్లో మీరు వెళ్లిపోతారు. ఆఖరి సందర్శన ఎప్పుడో మొదటి సందర్శనలోనే చెప్పండి. "ఇంటికి ఎప్పుడు పోతావు?" అని మాత్రం ఎప్పుడూ అడగకండి. ఆ జవాబు వాడి చేతుల్లో లేదు.

పరిశోధన పిల్లల జీవితంలో జరగాల్సిన మంచిని ఆపకూడదు. రుమేనియాలో బుకారెస్ట్ అధ్యయనం సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను తీసుకుని సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచింది, మిగతావాళ్లను ఉన్నచోటనే గమనించింది. తర్వాత వాళ్లను ఎక్కడ ఉంచాలన్నది మాత్రం అక్కడి పిల్లల రక్షణ అధికారులకే వదిలేసింది. మిగతా సగంలో ఎవరికైనా కుటుంబం దొరికితే అధ్యయనం అడ్డుపడలేదు. మీ నమూనాలో ఉన్న పిల్లవాడికి దత్తత కుదిరినా, స్పాన్సర్‌షిప్ వచ్చినా మీ పట్టికలో ఒక గడి ఖాళీ అవుతుంది. అవ్వనివ్వండి.

లెక్కలు, సమాచార భద్రత

ఒకే హోమ్‌లోని పిల్లలు ఒకరిలా ఒకరు ఉంటారు, అందువల్ల పిల్లల సంఖ్య చూసి మురిసిపోకండి. 12 హోమ్‌ల నుంచి 20 మంది చొప్పున 240 మందిని తీసుకున్నారనుకోండి. ఒకే హోమ్ పిల్లల మధ్య సహసంబంధం 0.05 ఉన్నా డిజైన్ ఎఫెక్ట్ (గుంపులుగా తీసుకోవడంవల్ల సమాచారం ఎన్ని రెట్లు పలచబడుతుందో చెప్పే అంకె) 1.95 అవుతుంది, అంటే మీ దగ్గర ఉన్నది దాదాపు 123 మంది సమాచారమే. అదే 240 మందిని 24 హోమ్‌ల నుంచి పదేసి మంది చొప్పున తీసుకుంటే 165 మందికి సమానం. ఎక్కువ హోమ్‌లు, ఒక్కోచోట తక్కువమంది: తిరుగుడు పెరుగుతుంది గానీ లెక్క నిలబడుతుంది.

పేరు తీసేస్తే గుర్తు పోతుందనుకోవడం పెద్ద పొరపాటు. "14 ఏళ్ల అమ్మాయి, వినికిడి లేదు, తెలుగు, డిసెంబరులో యశ్వంతపురలో దొరికింది" అన్న ఒక్క వరుస చాలు, ఆ హోమ్‌లో ఎవరైనా ఆమెను గుర్తుపట్టేస్తారు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది పేరు ఒక్కటే కాదు, గుర్తింపుకు దారితీసే ఏ వివరమైనా. ఉల్లంఘిస్తే ఆరు నెలలదాకా జైలో, రెండు లక్షలదాకా జరిమానానో, రెండూనో. వయసును మూడేళ్ల గుంపులుగా, తేదీని త్రైమాసికంగా, స్టేషన్‌ను "రైల్వే స్టేషన్" అని మార్చండి. పట్టికలో ఐదు కంటే తక్కువ అంకె ఉన్న గడిని మూసేయండి. మొత్తంలోంచి తీసివేస్తే ఆ అంకె బయటపడకుండా పక్కన ఇంకో గడి కూడా మూయాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇస్తుంది, కానీ ఒక షరతు ఉంది: ఆ సమాచారంతో ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదు. "మళ్లీ పారిపోయే అవకాశం ఉన్న పిల్లల జాబితా ఇవ్వండి" అని సంస్థ అడిగితే మంచి ఉద్దేశమే, కానీ ఇస్తే మినహాయింపు పోతుంది, పిల్లవాడి నుదుటిన ఒక ముద్రా పడుతుంది. గుంపుగా కనిపించిన కారణాలు చెప్పండి. పిల్లవాణ్ని చూసి నిర్ణయించే పని కౌన్సిలర్‌ది.

తిరిగి ఇవ్వడం

నెలకోసారి ముప్పావుగంట భేటీ పెట్టుకోండి. ఒక పేజీ, మూడు అంకెలు, ఒక ప్రశ్న. చివరి నివేదిక చూసి సంస్థ ఉలిక్కిపడిందంటే, మధ్యలో మీరు మాట్లాడటం మానేశారని అర్థం.

నివేదిక నాలుగు రూపాల్లో వెళ్లాలి. శాఖకు కన్నడంలో నాలుగు పేజీలు, ఏ ఉత్తర్వు మారాలో, ఎవరు మార్చాలో చెబుతూ. ఆంధ్ర, తెలంగాణ శాఖలకు అదే తెలుగులో. సిబ్బందికి రెండు గంటల కూర్చుడు, అందులో సగం సమయం వాళ్లు మాట్లాడటానికి. పిల్లలకు తెలుగు, కన్నడాల్లో బొమ్మలతో ఒక పోస్టరు: మీరు మాకు ఇవి చెప్పారు, పెద్దవాళ్లు ఇవి మారుస్తామన్నారు, ఇవి ఇంకా కాలేదు. మూడో వరుస ఖాళీగా వదలకండి. రాత్రి లైటు వేసి ఉంచమని పిల్లలడిగారు, ఇంకా కాలేదు అని రాసి ఉంటే, సూపరింటెండెంట్ రోజూ దాని పక్కనుంచే నడవాలి.

ఎథిక్స్ కమిటీకి చెప్పిన గడువు తీరిన రోజున పేర్లకు, సంకేత సంఖ్యలకు ముడివేసే జాబితాను నాశనం చేయాలి. అది సంస్థ బీరువాలో ఉంటుంది, ఒక తాళం సంస్థ దగ్గర, ఒకటి మీ దగ్గర. ఇద్దరూ కలిసి తెరవండి, కాగితాన్ని ముక్కలు చేయండి, పెన్‌డ్రైవ్ నకలు తుడిచేయండి, ఎన్ని పేజీలో, ఏ సమయంలోనో రిజిస్టర్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.